గ్రహణం పూట కడలితామర

చేపలతొట్టికి గాలి కొట్టే మోటరు నిలిచిపోయింది. చెవులు మందగించి ఏండ్లయినా ఆ గురగుర ఆగిపోవడం మాత్రం దేవకమ్మకు ఇట్టే తెలిసింది. కరెంటు పీకేసినారు. గ్రహణం ఇప్పుడిప్పుడే పట్టుకుంటా ఉండాది, ఎండ ఇంగా వాకిట్లోనే ఉండాది, అప్పుడే ఈ కరెంటోళ్ళకు చేతులు దురదపెట్టినాయి, వేళాపాళా చూసేది లేదు వాళ్ళకు, అనుకునింది. కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపుకు గడేసి, ఆ తలుపుకే వీపు ఆనించి ముక్కాలిపీట మీద కూర్చోనుండాది ఆమె. ఎదురుగా మంచం మీద మనవరాలు భానుశ్రీ, ఏడో నెల కడుపుతో, వెల్లకిలా పండుకోనుండాది. సూర్యుణ్ణి పట్టింది విడిచేదాకా ఆ పిల్ల కదలగూడదు, ఒత్తిగిలగూడదు, వేలు మడవగూడదు, గోరు గిల్లగూడదు. మంచానికి అవతల గోడవార ఇనప స్టాండు, స్టాండు మీద గాజుతొట్టి, తొట్టిలో సముద్రం నీళ్ళు, నీళ్ళల్లో ఒక ఎత్తురాయి, తెల్లపట్టీల నారింజరంగు చేపలు రెండు, ఆ రాతిని పట్టుకోని కడలితామర. చూసేదానికి పువ్వు మాదిరుంటాది గానీ అది పువ్వు గాదు, ప్రాణమున్న జంతువు. కాలొకటి, నోరొకటి, నోటి చుట్టూరా వేళ్ళు, అంతే దాని సంసారం. దాన్ని తెచ్చి సాకినోడు ఆమె కొడుకు ఏకాంబరం. పోయిన మాఘమాసంలో గుండె పట్టుకోని కూలబడి మళ్ళా లేవలేదు. కొడుకు పోయినాడు, కొడుకు సాకిన జంతువు ఉండాది, దాన్ని చూసుకుంటా తల్లి ఉండాది, ఆ దేవుడి లెక్క ఏందో ఎవురికి తెలుసు.

"అవ్వా, మోటరు నిలిచిపాయ," అనింది భానుశ్రీ, పైకప్పునే చూస్తా.

"నాకూ చెవులుండాయి. నువ్వు గమ్మున పండుకో."

"నీళ్ళకు గాలి ఆడదవ్వా. నాయనుంటే ఈపాటికి చెంబు ఎత్తుకోనుండు."

"మీ నాయనుంటే నేనీడ కావిలి కూర్చునే పనేముండాది. తల తిప్పబాక."

తల తిప్పబాక అనిందే గానీ ఆమె తలే తొట్టి పక్కకు తిరిగింది. ట్యూబులైటు పోయినాక నీళ్ళు నల్లగా కనబడతా ఉండాయి, దుప్పటి సందులోంచి వచ్చే ఎండ కూడా ఎప్పుడూ ఉండే ఎండ మాదిరి లేదు, పాడుబడిన ఇంట్లో ఎండ మాదిరి ఉండాది. ఇట్లాంటి పూటే కోడలు ఆదిలక్ష్మమ్మ పాకాలలో చిక్కుకుపోయింది. అన్నోళ్ళింట్లో పెద్దకర్మ, పోకుండా కుదరదు, గ్రహణం విడిచినంక బస్సెక్కుతానని పోయింది. పక్కింటోళ్ళు ఎదురింటోళ్ళు తలుపులు బిడాయించుకోనుండారు, పిలిచినా ఎవురూ రారు, పిలవగూడదు కూడా. పొద్దున్నే తిరపతి నుంచి భానుశ్రీ అత్త రుక్మిణమ్మ ఫోను చేసింది. మంచి మనిషే, మాటే రొంత సూదిగా ఉంటాది. "పెద్దమ్మా, బిడ్డను కదలనీకండి. వాళ్ళ నాయన సంగతి మీకు తెలీంది గాదు, అందుకే చెప్తా ఉండా. విడిచినాక మళ్ళా చేస్తా," అనింది. వాళ్ళ నాయన సంగతి. ఆ మాట చెవిలో పడి ఇంతసేపయినా ఇంగా ఆడ్నే ఉండాది, చెవిలో దూరిన చీమ మాదిరి. ఏకాంబరం పుట్టినప్పుడే పై పెదవి చీలి పుట్టినాడు. గ్రహణం మొర్రి. కడుపుతో ఉన్నది గ్రహణం పూట కదిలితే, ఏదన్నా కోస్తే, బిడ్డకు అట్లవుతాదని లోకమంతా చెప్తాది. లోకం చెప్పిందంటే ఇంగ దానికి సాక్ష్యం అక్కర్లేదు.

వాడు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఇదే ఊళ్ళో, మద్రాసు రోడ్డు మీద. గుజ్జు తీపెంత పులుపెంత అని చూసే పని. కాయల కాలమొచ్చిందంటే ఇల్లూ వాకిలీ మరిచిపోయేవాడు, వాడి చొక్కాలు నానబెడితే బక్కెట్లో పసుపునీళ్ళు దిగేవి. అట్లాంటి ఒక కాలంలో డ్రమ్ముల లారీకి తోడుగా వాణ్ణి మద్రాసు హార్బరుకు పంపించినారు. పని ముగించుకోని డ్రైవరు చెంగయ్యతో సముద్రం ఒడ్డుకు పోతే, అలలు ఎనక్కి జరిగినాక రాళ్ళ మధ్య గుంటలో ఒక పువ్వు కనిపించిందంట, వేలు పెట్టినాడంట. ఇంటికొచ్చి కూటి ముందర కూర్చోని అదే మాట. అమ్మా, అది వేలు పట్టుకునిందమ్మా, విడవలేదమ్మా. మీసాలు నెరుస్తా ఉన్న మగోడు, పెండ్లామూ బిడ్డా ఉన్నోడు. కోడలు నవ్వి పొయ్యికాడికి పోయింది. దేవకమ్మ నవ్వలేదు. పుట్టినప్పుట్నుంచీ వాడి మొహం చూసి చెయ్యి ఎనక్కి తీసుకున్నోళ్ళే గానీ ముందరికి చాపినోళ్ళు తక్కువ. వేలు పట్టుకున్నదాన్ని ఇంటికి తెచ్చుకుంటానంటే ఎవురైనా ఎట్లా వద్దంటారు. ఆ కాలం నుంచి, గుజ్జు మోసుకోని పోయిన లారీ తిరుగుదావలో సముద్రం మోసుకోని రావడం మొదలుపెట్టింది. హార్బరు కాడ పట్టొద్దప్పా, ఆడ డీజిలు తేలతా ఉంటాది, ఊరు దాటినాక పట్టు అని చెంగయ్యకు నూరుసార్లు చెప్పేవాడు. ఒకసారి చెక్‌పోస్టులో డ్రమ్ములో ఏముండాదని ఆపితే, సముద్రం సార్ అన్నాడంట చెంగయ్య. పోలీసాయన నమ్మక మూత తీయించి, వేలు ముంచి నాకి, తూ అని ఉమ్మేసి, పో పో అన్నాడంట. ఆ మాట చెప్పుకోని ఏకాంబరం నవ్వతా ఉంటే మీసం పైకి లేచి కుట్ల మచ్చ కనబడేది. బయట ఎవురి ముందరా అంత నోరు తెరిచి నవ్వేవాడు గాదు, ఇంట్లో మాత్రమే నవ్వేవాడు.

మొదుట తెచ్చిన పువ్వు పసుప్పచ్చంగా మెరిసిపోయేది. మద్రాసులో రంగుచేపలమ్మే అంగడాయన మంచి జాతి అని అంటగట్టినాడు. వారం తిరక్కముందే రంగు కారిపోయి, సున్నపునీళ్ళ మాదిరి తెల్లబడి, కరిగి జారిపోయింది, ఇల్లంతా మురిగిన చేపల వాసన. రంగేసి అమ్మినాడమ్మా, దాని ఒంట్లోకి వెలుతురు దిగకుండా రంగు పూసి చంపినాడు అని ఏకాంబరం అన్నం తినకుండా లేచిపోయినాడు. రెండోది తెచ్చినాడు, ఇదే, బురద మాదిరి గోధుమరంగుది, ఎవురూ తిరిగి చూడని రంగు. ఇది ఇసకలో కూర్చునే జాతి అని అంగడాయన చెప్పినాడంట, తొట్టి అడుగున ఇసక పరిచినాడు. అది కూర్చుంటే గదా. తెల్లారి చూస్తే గాజుకు అతుక్కోనుండాది, మర్సటి పొద్దు మోటరు ఎనకాల దూరింది, ఇంకో పొద్దు మూలకు పోయి ముడుచుకునింది. కుదురులేని జంతువు అని దేవకమ్మ తిట్టింది. వాడు మాత్రం స్టాండు కింద నేల మీద వెల్లకిలా పండుకోని, టార్చిలైటు వేసి, అడుగు నుంచి చూసినాడు. పక్కనే భానుశ్రీ, పావడా కాళ్ళకు చుట్టుకోని, నాయన మాదిరే వెల్లకిలా పండుకోని. ఇసక జాతికి ఒంటి మీద వరసగా పొక్కులుంటాయంట, ఇసకను పట్టుకునేదానికి. దీని ఒళ్ళు నున్నగా ఉండాది. వేళ్ళ కొసలు సన్నగా ఉండేది పోయి గుండ్రంగా ఉబ్బి ఉండాయి. సూడు పాపా, ఇది రాతి జాతిది, రాతిసందులో కాలు దాచుకోని బతికేది, దీన్ని మనం ఇసకలో పెట్టి ఏడిపిస్తా ఉండాము, అన్నాడు. రాయి తెచ్చి పెట్టిన పొద్దే సాయంత్రానికి అది పోయి సందులో కాలు దిగేసుకోని, పళ్ళెమంత విచ్చుకునింది. రంగు చూసి పేరు పెట్టగూడదమ్మా, అంగడోని మాటా వినగూడదు, కాలు యాడ పెడతాదో చూడాల. పేరు తప్పు పెట్టుకుంటే మనమెంత ప్రేమగా సాకినా దానికి అది శిక్షే, అన్నాడు ఏకాంబరం. వాడు ఆ జంతువు సంగతే చెప్పినాడో ఇంకేమన్నా చెప్పినాడో, ఆమె అప్పుడు అడగలేదు.

"అవ్వా, చేపలు పైకొచ్చినాయా?"

వచ్చినాయి. రెండూ నీళ్ళ పైన నోళ్ళు తెరుస్తా మూస్తా ఉండాయి. దేవకమ్మ చెప్పలేదు. కడలితామర పొద్దున్నుంచీ ముడుచుకోనే ఉండాది, ముడుచుకునేది దానికి మామూలే, ఒంట్లో నీళ్ళన్నీ కక్కేసి, పిండిన గుడ్డ మాదిరైపోయి, మళ్ళా నింపుకోని లేస్తాది. కొడుకు పోయిన కొత్తల్లో మొదుటిసారి అట్లా చూసి, వాడితోనే ఇదీ పోయిందనుకోని, ఎత్తి గుంటలో పారేసేదానికి చేట తెచ్చింది ఆమె. చేట చేతిలో పట్టుకోని నిలబడినంక వాడి మాట గెవనానికి వచ్చింది, నోరు చూడాలమ్మా, నోరు గట్టిగా మూసుకోనుంటే బతికుండాదని అర్థం, నోరు తెరుచుకోని లోపలిది బయటికి జారిందా, ఇంగ లేదని అర్థం. ఒంగి చూస్తే నోరు మూసుకోనుండాది. ఆ పొద్దు చేట అవతల పారేసి తొట్టి కాడ్నే కూలబడి ఏడ్చింది. ఆ పొద్దు నుంచి దాని కూడూ నీళ్ళూ ఆమే చూసుకునింది. ఆదివారమొక రొయ్యముక్క, బుధవారమొక రొయ్యముక్క, చీపురుపుల్ల కొసకు గుచ్చి వేళ్ళకు తగిలిస్తే, వేళ్ళన్నీ కలిసి నెమ్మదిగా నోటికి అందిస్తాయి. శనివారం ఇంట్లో నీసు ముట్టరు, కాబట్టి ఆ జంతువుకూ శనివారం ఉపవాసమే. ఏడుకొండలవాడి జిల్లాలో ఉన్నంక సముద్రంలో పుట్టినా సరే, ఈ ఇంటి పద్ధతి నేర్చుకోవాల్సిందే అనేది. నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పోయాల, ఆవిరై పోయేది నీళ్ళే గానీ ఉప్పు గాదు, ఇదీ నేర్చుకునింది. అయినా మనసు నిలబడక, ఎవురూ లేనప్పుడు వేలు ముంచి నాలిక్కు తాకించుకోని చూసేది, ఊరగాయలు పెట్టిన నాలిక గదా.

నాలుగేండ్ల కింద దీపావళి దినాల్లో గ్రహణం వచ్చింది. విడిచినంక ఇంట్లో పట్టి పెట్టిన నీళ్ళన్నీ మైలపడినట్టే, పారబోసి కడుక్కోవాల. కుండలు, కొప్పెర, తొట్లు అన్నీ పారబోసినాక పెరట్లో ఆ నీలం డ్రమ్ము కనిపించింది, చెంగయ్య ముందునాడే దించిపోయిన సముద్రం. మైల మైలే, సముద్రమయితే ఏంది, అనుకోని దొర్లించి కరేపాకు చెట్టు మొదుట్లో పోసేసింది. ఏకాంబరం వచ్చి చూసి, తడి మన్ను చూసి, చెట్టును చూసి, ఖాళీ డ్రమ్మును లేపి నిలబెట్టి లోపలికి పోయినాడు. చెట్టు ఆకులు రాల్చేసి ఎండిపోయింది, ఆ చెట్టు కరేపాకు వీధంతా కోసుకోని పోయేవాళ్ళు. చానా నాళ్ళ తర్వాత ఒకనాడు పప్పు తింటా, అమ్మా, మళ్ళా గ్రహణానికి డ్రమ్ము మీద కూడా ఒక దర్భపోచ ఎయ్యి, అని మాత్రం అన్నాడు. ఈ పొద్దు మధ్యాన్నమే వేసింది ఆమె. ఊరగాయ జాడీల మీద, బియ్యం డబ్బా మీద, డ్రమ్ము మీద, ఈ గాజుతొట్టి మూత మీద కూడా. ఎవురు వేస్తే ఏముండాది, వెయ్యమన్నోడు చూసేదానికి లేడు.

అప్పుడు తొట్టిలో ఏదో కదిలింది. రాతిసందులో ఇన్నేండ్లూ దిగేసుకోనున్న కాలు, మెల్లింగా, ఎవురో వేళ్ళు విప్పినట్టు, విడిచింది. ముడుచుకున్న ముద్ద రాతి మీంచి జారి అడుగుకు పోయి పక్కకు ఒరిగింది. దేవకమ్మ లేచింది. మోకాళ్ళు చప్పుడు చేసినాయి. రాయి విడిచిందంటే దానికి రెండే కారణాలు, ఉన్నచోట ఊపిరాడకపోవడం ఒకటి, ప్రాణం పోవడం రెండోది. ప్రాణమే పోతే అది మురిగి నీళ్ళన్నీ విషమైపోతాయి, చేపలూ ఉండవు, తెల్లారేసరికి ఏకాంబరం తొట్టి అనేది ఉండదు, ఖాళీ గాజు మాత్రముంటాది. కొడుకు పోయిన నాడు చుట్టూరా జనముండి ఆమెను పట్టుకున్నారు, ఈ పొద్దు పట్టుకునేదానికి ఎవురుండారు. చెంబు తీసుకునింది. పీట జరుపుకోని ఎక్కింది. వాడు పొడుగు మనిషి, స్టాండు వాడి ఎత్తుకు చేయించుకున్నాడు. దర్భపోచ తీసి కొంగులో ముడేసి, చెంబు ముంచి, ఎత్తి, పైనుంచి పోసింది, వేడి కాఫీ సల్లార్చినట్టు, వాడు కరెంటు పోయినప్పుడల్లా పోసేవాడు గదా అట్లా. పైనుంచి పడితేనే నీళ్ళల్లోకి గాలి పోతాది. ఒక చెంబు. ఇంకొకటి. భుజం పట్టేసింది. రెండేండ్లుగా తల దువ్వుకునేదానికి కూడా పైకి లేవని చెయ్యి, చెంబును యాడ ఎత్తుతాది. ఎడంచేత్తో ముంచితే చెంబు గాజుకు తగిలి ఠంగుమనింది, నీళ్ళు సగం ఆమె చీర మీద పడినాయి.

"అవ్వా, దిగవ్వా, పడతావు. నేను లేస్తా."

"పండుకో."

"రాయి విడిచింది గదా? నువ్వు చెప్పకపోయినా నీ ఊపిరిని బట్టే తెలస్తా ఉండాది. నాయన ఉండుంటే..."

"పండుకో అంటినే. లేస్తే నా మీద ఒట్టే."

ఆ పిల్ల కండ్లల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారతా ఉండాయి, తుడుచుకోవడం లేదు, చెయ్యి ఎత్తగూడదు గదా. దేవకమ్మ అది చూసింది. చూసి పీట దిగింది. చెంబు చేతిలోనే ఉండాది, నీళ్ళు కారతా. చెవుల్లోకి కారే తడి ఎట్లుంటాదో ఆమెకు తెలుసు, మొదుట వెచ్చగా, మళ్ళా సల్లగా, మళ్ళా జిగురుగా. ఆమెది చెమట. వడ్లమూటలు పేర్చిన గదిలో, చాప మీద, నిండా ఇరవై లేని వయసులో, ఇట్లనే కడుపుతో, ఇట్లనే సూర్యగ్రహణం పూట. అత్త తలుపేసి బయటికి పోయింది, కావిలికి ఎవురూ కూర్చోలేదు. ఎండాకాలం, గదిలో గాలి లేదు, వడ్ల దుమ్ము గొంతులో పడతా ఉన్నింది. ఈగ ఒకటి వచ్చి పెదవి మీద వాలింది, తోలలేదు. అది పెదవి మీద అటూ ఇటూ నడిచింది, తోలలేదు. కాలు తిమ్మిరెక్కి, మొద్దుబారి, తన కాలే గాదన్నట్టయింది, జరపలేదు. అత్త వచ్చి తలుపు తీసేదాకా కట్టె మాదిరి పండుకునింది. ఆ తర్వాత బిడ్డ పుట్టినాడు. మంత్రసాని బిడ్డను చూసి అత్త పక్క చూసింది. అత్త అడిగిన మొదుటి మాట, ఏం కోసినావే, అని. ఏమీ కోయలేదత్తా, కదల్లేదు అంటే, ఎవురు చూసినారు, అనింది. ఎవురు చూసినారు. మొగుడూ అడగలేదు, నమ్మినానని అనలేదు. బాయికాడ ఆడోళ్ళు, ఆకలికి ఆగలేక పచ్చిమామిడికాయ కోసుకోని తినిందంట అన్నారు, కొన్నేండ్లకు ఆ మాటకు ఉప్పూ కారం కూడా అంటుకున్నాయి. వినీ వినీ ఆమెకే ఒక్కోసారి, నిద్రలో ఏమన్నా కదిలినానేమో, ఆ ఈగను తోలినానేమో, అనిపించేది. బిడ్డ చన్ను పట్టలేడు, పీలిస్తే పాలు ముక్కులోంచి వచ్చేవి. ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కా పోసి, తల ఎత్తిపట్టి, మింగినాడా లేదా అని గొంతు మీద వేలు పెట్టి చూసుకోని బతికించుకునింది. ఊరంతా ఒకటే మాట, బతకడు అని. బతికినాడు. వేలూరు తీసుకపోయి కుట్లు వేయించింది. బడికి పోయినాడు. బడి నుంచి ఒకనాడు పలక చంకలో పెట్టుకోని వచ్చి అడిగినాడు, అమ్మా, నేను కడుపులో ఉన్నప్పుడు నువ్వు మామిడికాయ కోసినావంటనే, అని. కోయలేదు నాయనా, కదల్లేదు కూడా అనింది. వాడు రొంచేపు ఆమె మొహమే చూసినాడు. నాకు తెలుసులే, నువ్వు కదల్లేదు, అన్నాడు. నీకెట్ల తెలుసురా? నేను లోపలే ఉన్నా గదమ్మా, నువ్వు కదిలింటే నాకు తెలీదా, అని పలక ఆడ పారేసి ఆడుకునేదానికి పోయినాడు. ఆ పొద్దు పొయ్యి ముందర కూర్చోని ఆమె ఏడ్చింది, అంత సుఖంగా జన్మలో ఎప్పుడూ ఏడవలేదు.

వాడొక్కడే ఆమెకు సాక్షి. వాడూ పోయినాడు. ఇప్పుడు తలుపుకు అడ్డం కూర్చోని, అదే చాప, అదే చెమట, ఈ బిడ్డకు ఎందుకు పెడతా ఉండాది తను. నమ్మి గాదు. నమ్మకం ఆ వడ్లగదిలోనే పోయింది. ఏదన్నా అయితే ఈ బిడ్డను ఎవురూ ఒక మాట అనగూడదని, రేపు రుక్మిణమ్మ ఏం చేసినావే అని అడగగూడదని, అంతే. భయం, ఇంకేమీ లేదు. ఆ భయానికి ఈ బిడ్డ ఈడ గుడ్లనీళ్ళు కుక్కుకుంటా పండుకోనుండాది, వాళ్ళ నాయన సాకిన ప్రాణం ఆడ అడుగున ఒరిగిపోయుండాది. తన మీద తనకే ఒళ్ళు మండింది దేవకమ్మకు.

"లెయ్యి," అనింది.

"అవ్వా?"

"లెయ్యమంటా ఉండా. బిరీన గాదు, పక్కకు తిరిగి, చెయ్యి ఆనించుకోని మెల్లింగా లెయ్యి."

"ఒట్టు పెడితివి గదా."

"నేను పెట్టిన ఒట్టు నేనే తీసేస్తా ఉండా."

"మా అత్తకు తెలిస్తే?"

"మీ అత్త ఈడుందా? కదలకుండా పండుకునే సంగతి నాకు చెప్తారా ఎవురన్నా. నాకంటే బాగా పండుకున్నదాన్ని ఈ జిల్లాలో చూపించమను, చూస్తా. నాకే అట్ల పుట్నాడు మీ నాయన. లెయ్యి."

భానుశ్రీ లేచింది. మంచం పట్టీ మీద కూర్చోని రొంచేపు ఆయాసం తీర్చుకోని, కొంగుతో చెవులు తుడుచుకోని, చెంబు అందుకునింది. పొడుగులో నాయన పోలిక, పీట అక్కర్లేకపోయింది. ముంచి, మోచేయి పైకి లేపి, సన్నధారగా, అదే ఎత్తు నుంచి, అదే వాటంగా పోసింది. దేవకమ్మ ఎనకాల నిలబడి ఆ పిల్ల నడుముకు రెండు చేతులూ ఆనించి పట్టుకునింది. ధార పడే చప్పుడు గదంతా నిండింది. మోటరు చప్పుడు గాదు, ఈ ఇంట్లో కరెంటు పోయిన సాయంత్రాలన్నిట్లో వినబడిన చప్పుడు, ఏకాంబరం చొక్కా లేకుండా నిలబడి పోస్తా, పక్కన ఈ పిల్ల ఎక్కాలు అప్పజెప్తా, పొయ్యికాడి నుంచి కోడలు తిరగమాత వేస్తా. ఆ సాయంత్రాల్లో ఏముండాదని ఎవురన్నా అడిగింటే ఏమీ లేదనే చెప్పుండు ఆమె. కొడుకు మీద బెంగ ఇన్నాళ్ళూ గుండెల్లో ఉందనుకునింది, చెవుల్లో ఉండాదని ఇప్పుడు తెలిసింది.

చేపలు కిందికి దిగినాయి. భానుశ్రీ చెంబు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కోని, మోచేతి దాకా తొట్టిలో దించింది. అడుగున ఒరిగినదాన్ని అరచేతిలోకి తీసుకోని, తొందరపడకుండా, రాతిసందు పక్కన కాలు కిందికొచ్చేటట్టు నిలబెట్టింది.

"నోరు చూడు పాపా. నోరెట్లుండాది?"

ఆ పిల్ల ఒంగి, గాజుకు మొహం ఆనించి చూసింది.

"మూసుకోనుండాదవ్వా. గట్టిగా."

"వాసన?"

చెయ్యి బయటికి తియ్యబోయి ఆగింది. "అవ్వా," అనింది, గొంతు మారిపోయింది. "వేలు పట్టుకునింది."

దేవకమ్మ ఆ పిల్ల వీపుకు తల ఆనించుకోని, కన్నీళ్ళు దాని రవికలోకి ఇంకిపోతా ఉంటే అట్లనే నిలబడింది. కాసేపటికి భానుశ్రీ వేలు మెల్లింగా విడిపించుకోని మళ్ళా చెంబు అందుకునింది. కరెంటు రాలేదు. దుప్పటి సందులో వెలుతురు ఇంగా ఎర్రబడి, సన్నబడి, పొద్దుగూకే వెలుతురో గ్రహణం వెలుతురో తెలీకుండా అయింది.

ఫోను మోగింది. విడిచినాక చేస్తానన్న మనిషి, విడవకముందే చేసింది. గూట్లో ఫోనుకాడికి దేవకమ్మ గోడ పట్టుకోని నడిచింది. భానుశ్రీ చెంబు గాల్లోనే ఆపింది. ఆపబాక, నీళ్ళు పొయ్యి, అని దేవకమ్మ చేత్తో సైగ చేసింది.

"పెద్దమ్మా, ఈడ పొద్దు మునిగిపోయిందిలే. ఎట్లుండాది పిల్ల? ఏందది, నీళ్ళ చప్పుడు?"

"చేపలకు గాలాడాలని పోస్తా ఉండాము రుక్మిణమ్మా. కరెంటు లేదు."

పోస్తా ఉండాను అనాల్సింది, ఉండాము అనేసింది. నాలిక ఎప్పుడూ ఇంతే.

"పిల్ల కదల్లేదు గదా పెద్దమ్మా?"

"కదల్లేదు."

"నిజమేనా? నిద్రలో ఏమన్నా..."

"నిద్ర పోలేదు, ఒత్తిగిల్లేదు, వేలు గూడా మడవలేదు. తలుపుకాడ్నే పీట వేసుకోని కూర్చోనుండా నేను. కన్ను ఆర్పలేదు." ఆమె గొంతు ఎందుకో గట్టిగా లేచింది, ఫోనులో మనిషితో గాకుండా ఇంకెవురితోనో మాట్లాడినట్టు. "రేపు ఏది ఎట్లయినా సరే, నా మనవరాల్ని ఎవురూ ఒక మాట అనేదానికి లేదు. నేను చూసినాను. ఎవురన్నా అడిగితే దేవకమ్మ చూసిందని చెప్పు."

"అట్లనే పెద్దమ్మా, అట్లనే, నేనేమంటిని ఇప్పుడు," అనింది రుక్మిణమ్మ, రొంత తగ్గి. "మీరు చూసినంక ఇంగేం."

ఫోను పెట్టేసి, గూటికి చెయ్యి ఆనించుకోని నిలబడింది. నేను చూసినాను. ఇంత చిన్నమాట. ఆ వడ్లగది తలుపుకాడ ఆ పొద్దు ఎవురన్నా ఒకరు కూర్చోనుంటే, ఈ ఒక్క మాట అనుంటే. మనసు నిమ్మళంగా ఉండాది.

"అబద్ధం చెప్పినావే అవ్వా," అనింది భానుశ్రీ. చెంబు ముంచుతా ముంచుతా ఆగి, కడుపు మీద చెయ్యేసుకోని నవ్వింది. నవ్వితే నాయన మాదిరే పై పెదవి ఒక పక్కకు లేస్తాది ఆ పిల్లకు. "తంతా ఉండాది సూడు. లోపలుండే బిడ్డకు తెలుసు, నేను కదిలినానని."

దేవకమ్మ పీట జరుపుకోని తొట్టి పక్కన కూర్చునింది. రాతిసందు కాడ ఆ గోధుమరంగు ముద్ద రొంత ఉబ్బింది, ఒక వేలు బయటికి వచ్చింది, ఇంకొకటి వచ్చింది.

"తెలిస్తే తెలియనీ," అనింది. "ఆ బిడ్డ మన పక్కే. నువ్వు నీళ్ళు పొయ్యి."